ఆకులో మాంసం లేదు, అయినా షుగరు ఎందుకు?

మేం తమిళంలో చదువుకున్నవాళ్ళం, తెలుగు రాత ఇంట్లో నేర్చుకున్నదే. తప్పులుంటే మన్నించండి.

పోయిన ఉగాది భోజనంలో మా వరుసలో పదిమంది కూర్చుంటే, నలుగురు ఆకు వేయకముందే షుగరు మాత్ర మింగారు. తర్వాత ఆకులో పడినవి ఏమిటి? తెల్లన్నం మూడుసార్లు, పాయసం, బొబ్బట్టు, వడ, అప్పళం, ఉర్లగడ్డ వేపుడు. "మాంసం లేదు కదా, భయం లేదు" అని మనకు మనమే చెప్పుకున్నాం. ఆ మాటే మనల్ని మోసం చేస్తోంది.

మా ఇంటి సంగతే చెబుతాం. రిటైరయ్యాక మేమిద్దరం మాంసం మానేశాం. ఆ చోటులోకి ఇంకో గరిటె అన్నం, సాయంత్రం బిస్కెట్లు వచ్చాయి. మూడు నెలల సగటు చక్కెర చూపే పరీక్షలో అంకె తగ్గలేదు సరికదా, పెరిగింది.

ఎందుకంటే రక్తంలోని చక్కెరను కండల్లోకి పంపే సిగ్నల్ ఇన్సులిన్. కండల్లో, కాలేయంలో కొవ్వు పేరుకుంటే సిగ్నల్ పడినా బండి కదలదు. శరీరం ఇంకా ఇంకా ఇన్సులిన్ తయారుచేసి చివరికి అలసిపోతుంది.

2016లో వచ్చిన ఒక పెద్ద అమెరికా అధ్యయనంలో సుమారు 2 లక్షల మంది తిండిని ఏళ్ళ తరబడి గమనించారు. పొట్టు తీయని ధాన్యాలు, పప్పులు, కూరగాయలు, పళ్ళు బాగా తిన్నవాళ్ళకు షుగరు వచ్చే ముప్పు మూడో వంతు తక్కువగా కనిపించింది. తెల్లపిండి, తీపి పానీయాలు ఎక్కువైన శాకాహారంలో ముప్పు పెరిగింది. 2020లో బరువెక్కువైన 244 మందితో ఇంకో పరీక్ష జరిగింది. అందులో సగం మంది 16 వారాలు నూనె తగ్గించిన పూర్తి శాకాహారం తిన్నారు. వాళ్ళ బరువు, కాలేయంలో కొవ్వు తగ్గి ఇన్సులిన్ బాగా పనిచేసింది.

మన దేశంలో 10 కోట్లమందికి పైగా షుగరు ఉందని, 13 కోట్లకు పైగా దాని అంచున ఉన్నారని 2023లో వైద్య పరిశోధన మండలి అధ్యయనం చెప్పింది. ఆ అంచున ఉన్నవాళ్ళు మన కొడుకులు, కోడళ్ళు.

మన తాతలు కంబు సంగటి, ఉలవచారు, ఆకుకూర తిన్నారు, నిజమే. కానీ పొద్దుగూకేదాకా చేలో పనిచేశారు. కుర్చీలో కూర్చుని రెండు ముద్దలు లాగిస్తే కంబైనా పిండిపదార్థమే. అన్నం తగ్గాలి, పప్పూ కూరా పెరగాలి.

అందుకే వచ్చే ఉగాదికి మన సంఘానికి ఒక విన్నపం. తీపి ఒక్కటే చాలు. ముందుగా ఉలవలో, అలసందలో గుగ్గిళ్ళు. రెండు కూరలు, ఒక ఆకుకూర. అన్నం అడిగితేనే రెండోసారి. మర్యాద తగ్గుతుందని కొందరంటారు. మాత్ర మింగి కూర్చున్న చుట్టానికి మూడు తీపులు వడ్డించడం మర్యాదా?

ఒక హెచ్చరిక. ఇన్సులిన్, షుగరు మాత్రలు వాడేవాళ్ళు తిండి మార్చేముందు డాక్టరును అడగాలి, చక్కెర మరీ పడిపోవచ్చు. కిడ్నీ జబ్బున్నవాళ్ళూ అడిగే పప్పులు పెంచాలి. పాలు కూడా మానేసేవాళ్ళు బి12 సంగతి చూసుకోవాలి.

మీ అభిప్రాయం రాయండి. వంట పెద్దలతో మాట్లాడటానికి మేం సిద్ధం.