‘తలకు బలమైన గాయం’ దగ్గరే వార్త ఆగిపోతోంది

సంపాదకులకు,

మీ పత్రిక జిల్లా పేజీలు వదలకుండా చదువుతాను. ‘బైక్ అదుపుతప్పి కిందపడటంతో తలకు బలమైన గాయమై అక్కడికక్కడే మృతి చెందాడు’ అన్న వాక్యం కనపడని వారం లేదు. పేరు మారుతుంది, ఊరు మారుతుంది, వాక్యం మారదు. ఆ వెంటనే ‘కేసు నమోదు చేసినట్లు ఎస్సై తెలిపారు’ అని వార్త ముగుస్తుంది. అతని తలపై హెల్మెట్ ఉందా, ఉంటే గడ్డం కింద పట్టీ బిగించుకున్నాడా అన్నది చాలాసార్లు రాయరు. అది రాయమని అడగడానికే ఈ లేఖ.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశవ్యాప్తంగా రోడ్లమీద పోయిన ప్రాణాలు 1,68,491. అందులో హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029 మంది. వీరిలో 14,337 మంది బండి నడపలేదు, వెనక కూర్చున్నారు. నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఈ చివరి అంకె. మా సూర్యాపేట రోడ్ల మీద రోజూ చూస్తున్నాను: చలానాకు భయపడి భర్త హెల్మెట్ పెట్టుకుంటాడు. వెనక ఒక పక్కకు కూర్చున్న భార్యకు, ఇద్దరి మధ్య ఇరుక్కున్న పిల్లవాడికి ఏమీ ఉండదు. ఆమెకు పట్టుకోవడానికి హ్యాండిల్ కూడా లేదు, ఒక చేయి కొంగుకే సరిపోతుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం నాలుగేళ్లు దాటిన పిల్లలకు కూడా హెల్మెట్ తప్పనిసరి చేసిందని ఎన్ని ఇళ్లలో తెలుసు?

హెల్మెట్ తలకు దెబ్బ తగిలే ముప్పును సుమారు 69 శాతం, ప్రాణం పోయే ముప్పును 42 శాతం తగ్గిస్తుందని పరిశోధనలు తేల్చాయి. 2021 సెప్టెంబరులో హైదరాబాద్‌లో బండి జారి పడి కోమాలోకి వెళ్లిన నటుడు సాయిధరమ్ తేజ్, తాను బతికింది హెల్మెట్ వల్లేనని సభల్లో చెబుతూ వచ్చారు. పుర్రె పగలనంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. లోపలి మెదడు మెత్తనిది, ఒక్క కుదుపుకు పుర్రె గోడకు తగిలి నలుగుతుంది. రక్తనాళం తెగి కారిన రక్తం బయటికి పోయే దారిలేక మెదడునే నొక్కుతుంది. ‘లేచి కూర్చున్నాడు, మంచినీళ్లు తాగాడు’ అని ఇంటికి తీసుకెళ్లిన మనిషి కొన్ని గంటల్లోనే స్పృహ తప్పేది ఇందుకే.

చనిపోయినవారి సంగతి ఇలా ఉంటే, బతికినవారి ఊసు అసలే ఉండదు. నా దగ్గర పదో తరగతి చదివిన ఒకతను ఆరేళ్ల కిందట బండి మీంచి పడ్డాడు. ‘ప్రాణాపాయం తప్పింది’ అని పేపర్లో వచ్చింది. లెక్కల్లో క్లాసు ఫస్టు వచ్చినవాడు ఇప్పుడు కిరాణా కొట్టులో చిల్లర లెక్కపెట్టలేడు. చిన్న మాటకే పళ్లెం విసిరేస్తాడు, కాసేపటికి తానే ఏడుస్తాడు. భార్య మిషన్ కుట్టి ఇల్లు నడుపుతోంది. ఊరేమో అతనికి పొగరు పెరిగిందంటుంది. కాదు, అది దెబ్బ తిన్న మెదడు పడే అవస్థ. ఏటా ప్రపంచంలో సుమారు 6.9 కోట్ల మంది తలకు ఇలాంటి దెబ్బలు తగిలించుకుంటున్నారని 2018లో ఒక అంచనా వచ్చింది. వాళ్లలో ఎక్కువమంది బతికే ఉంటారు.

రోడ్డు ఒక్కటే కారణం కాదు. మన దేశంలో ఈ గాయాల్లో దాదాపు 60 శాతం రోడ్డు ప్రమాదాలవైతే, 20 నుంచి 25 శాతం ఎక్కడో ఒకచోట జారి పడినవేనని బెంగళూరు నిమ్హాన్స్ పరిశోధకులు చెప్పారు. తాటిచెట్టు మీంచి గీత కార్మికుడు, సంక్రాంతికి పిట్టగోడ లేని డాబా మీంచి గాలిపటం ఎగరేసే పిల్లవాడు. మా నాన్నగారు స్నానాలగదిలో జారారు. బొప్పి కూడా కట్టలేదు. మూడు వారాల తర్వాత కాలు ఈడుస్తూ నడవడం, మనవళ్ల పేర్లు మరిచిపోవడం మొదలైంది. ఎనభై ఏళ్లు కదా, వయసు మీద పడిందనుకున్నాం. స్కానింగ్ తీస్తే పుర్రె లోపల రక్తం పేరుకుని ఉంది. గుండె జబ్బుకని రక్తం పలచబడే మాత్రలు వాడుతుండటంతో అది నెమ్మదిగా కారుతూ వచ్చిందని డాక్టరు చెప్పారు. పుర్రెకు రంధ్రం చేసి తీసేశాక మళ్లీ మమ్మల్ని పేరుపెట్టి పిలిచారు. ఇంకో పది రోజులు వయసనే సరిపెట్టుకుని ఉంటే ఏమయ్యేదో.

ఇలాంటి పడటాలు వార్తలు కావని నాకు తెలుసు. కనీసం వార్త అయినవాటినైనా పూర్తిగా రాయండి. హెల్మెట్ ఉందో లేదో పోలీసులు నమోదు చేస్తేనే కదా కేంద్రం ఆ లెక్కలు ఇవ్వగలుగుతోంది. వివరం స్టేషన్‌లోనే ఉంటుంది. నడిపినవారికీ, వెనక కూర్చున్నవారికీ హెల్మెట్ ఉందా అని ఎస్సైని అడిగి, ఆ ఒక్క వాక్యం చేర్చమని మీ విలేకరులకు చెప్పండి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, సూర్యాపేట