ఆడి చూపువారు

జవహర్‌నగర్ వంటి వాడలలో పదవ తరగతి చదువు పిల్లవాడు తాను ఆడు వీడియో ఆటను నలుగురికి ప్రత్యక్ష ప్రసారములో చూపవలెనని ముచ్చటపడుట నేడు వింత కాదు. సామగ్రియు స్వల్పమే. కంప్యూటరు, ఉచితముగా లభించు ఓబీఎస్ సాఫ్ట్‌వేరు, సెకనుకు నాలుగైదు మెగాబిట్లు పంపగల ఇంటర్నెట్టు ఉన్న చాలును.

పెద్దలు దీనిని జూదమని ఈసడింతురు. చట్టము అట్లనలేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ ఆటల చట్టము సొమ్ము ఒడ్డి ఆడు ఆటలను, వాని ప్రకటనలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను క్రీడగా గుర్తించినది. తెలంగాణ ప్రభుత్వము 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించినది.

అయినను పెద్దల భయము ఊరక పుట్టినది కాదు. 2025 మార్చిలో పందెపు యాప్‌లకు ప్రచారము చేసిరన్న ఆరోపణపై హైదరాబాదు పోలీసులు పలువురు యూట్యూబర్లపై కేసులు పెట్టిరి. యూట్యూబులో ఇట్టి ప్రసారములపై ప్రకటనల ఆదాయము రావలెనన్న సామాన్యముగా 1,000 మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణము సమకూరవలెను. అంతవరకు ఆ సొమ్ము రాదు. పందెపు యాప్‌వాని పిలుపునకు చెవి యొగ్గునది ఆ కరవు కాలముననే. కనుక ఉపాధ్యాయుడు ‘ఏమి ఆడుచున్నావు?’ అనుటకన్న ‘నీ తెరపై ఎవరి ప్రకటన ఉన్నది?’ అని అడుగుట మేలు.

2025 జూలై 22 నుండి యూట్యూబు పదునారేండ్లు నిండనివారిని ఒంటరిగా ప్రత్యక్ష ప్రసారము చేయనిచ్చుట లేదు, పెద్దలు తోడుండవలెను. పదవ తరగతిలో పెక్కురు పదునైదేండ్లవారే. పుట్టిన సంవత్సరమును మార్చి వ్రాసినచో మొదట తొలగిపోవునది ఆ తోడే.