శ్రద్ధ లేక కాదు, లేమి వల్ల

పిల్లవాణ్ని బడి మాన్పించి మెకానిక్ షెడ్డులో చేర్చిన తండ్రిని చూసి, ‘మనవాళ్ళకు చదువంటే శ్రద్ధ లేదు’ అని తీర్పు చెప్పేస్తాం. మా ఇల్లందులోనూ ఈ మాట వినిపిస్తుంది. ఇది అన్యాయం.

చదివినా ఉద్యోగం రాదన్న నిరాశ పిల్లల్ని బడికి దూరం చేస్తున్నదని 2006లోనే సచార్ కమిటీ చెప్పింది. ఇది ఆర్థిక కారణం. మానసిక కారణమూ ఉంది. తమిళనాడు చెరకు రైతులను పంట కోతకు ముందు, తరువాత పరీక్షించిన పరిశోధన 2013లో వెలువడింది. చేతిలో డబ్బు లేనప్పుడు మందగించిన ఆలోచనే, పంట డబ్బు అందాక మెరుగుపడింది. లోపం మనిషిది కాదు, లేమిది.

కనుక ఉపదేశం తరువాత. బడులు తెరిచే జూన్‌లో మస్జిద్ కమిటీలు ఫీజులకు ఖర్జె హసనా ఇవ్వాలి, గురుకుల దరఖాస్తులను అంతకు ముందే, గడువులోగా నింపిపెట్టాలి. 8వ తరగతి వరకు మైనారిటీ స్కాలర్‌షిప్‌ను కేంద్రం 2022లో ఆపేసింది. దానిని తిరిగి ఇమ్మని అడగడం భిక్ష కాదు, హక్కు.