రాతిపై తల్లి పేరు



ఈ మాసము మిమ్ము మిగుల దూరదేశమునకు గొనిపోవుచున్నాను. మెక్సికో, గ్వాటిమాలా దేశముల నడుమ ఉసుమసింటా యను మహానది సరిహద్దుగా ప్రవహించుచున్నది. గ్వాటిమాలా వైపు గట్టున, దట్టమైన యడవిలో, పియెద్రాస్ నెగ్రాస్ అను మాయాజాతివారి ప్రాచీన నగరము శిథిలమై యున్నది. ఆ పేరునకు స్పానిషు భాషలో నల్లరాళ్లని యర్థము.

ఇచ్చటి రాజులు నిలిపిన పెద్ద రాతిపలకలపై శాసనములును, దీర్ఘవస్త్రములు ధరించిన కొన్ని విగ్రహములును గలవు. పండితులు చిరకాలము వారిని పురుషులైన పూజారులనియే తలచిరి. శాసనములలో కాలగణనమే గాని మనుష్యుల కథ లేదనియు పలువురు నమ్మిరి.

ఈ పొరపాటును దిద్దినది యొక స్త్రీ. తాత్యానా ప్రొస్కురియాకాఫ్ 1909లో రష్యాదేశమున జన్మించి, చిన్నతనముననే అమెరికా చేరి, వాస్తువిద్య నభ్యసించెను. శిథిలముల చిత్రములు గీయుటకై 1936 ప్రాంతమున ఈ నగరమునకు వచ్చెను. తరువాత శాసనములలోని తేదీలను వరుసగా పేర్చి చూడగా, ఒక్కొక్క వరుస ఒక మనుష్యుని యాయువును మించకుండుట యామెకు గోచరించెను. అవి రాజుల జనన పట్టాభిషేకముల తేదీలనియు, ఆ దీర్ఘవస్త్రధారులు స్త్రీలనియు 1960లో ప్రకటించిన వ్యాసమున నిరూపించెను. ఆమె 1985లో గతించెను. 1998లో ఆమె చితాభస్మమును ఈ నగరముననే నిక్షేపించిరి.

ఇచ్చటి మూడవ పలకపై రాణి కటూన్ అహావ్ సింహాసనమున కూర్చుండియున్నది. మూడేండ్ల కూతురు తల్లి మోకాలి నానుకొని యున్నది. రాణి 674లో పుట్టినదనియు, 686లో, పండ్రెండేండ్ల ప్రాయమున, పెండ్లియైనదనియు, 708లో ఈ బిడ్డను గన్నదనియు ఆ రాయి చెప్పుచున్నది.

ఇది చదివిన రాత్రి మా యింటి వంశవృక్షమును తీసి చూచితిని. ఏడు తరముల పురుషుల పేళ్లున్నవి. వారిని గన్న తల్లుల పేరొక్కటియు లేదు. మరునాడు వంటయింట మా యత్తగారిని, "మీ అత్తగారి అత్తగారి పేరేమండీ?" యని యడిగితిని. ఆమె చేతిలోని పని యాపి చాలసేపాలోచించి, "అందరును ముసలమ్మగారనెడివారే గాని, పేరు నేనెన్నడును వినలేదమ్మాయీ" యనెను.

పండ్రెండువందల యేండ్లకు పైగా అడవిలో పడియున్న రాయి తల్లి పేరును నిలుపుకొన్నది. మన యిండ్లలో మూడు తరములకే అది మాసిపోవుచున్నది. చెప్పగలవారు జీవించియుండగనే అడిగి వ్రాసికొనుడు. మా కాగితమున మా యత్తగారి పేరును ఆ దినముననే వ్రాసితిని.