తలకిందులైనా తాగాల్సిందే!

మూత బిగించిన బాటిల్‌లో స్ట్రా అడుగుదాకా ఉంది. బాటిల్ తిరగేస్తే? నీళ్లు మూతవైపు, స్ట్రా మొన గాల్లో. తలకిందులుగా ఎగిరే విమానానికీ ఇదే చిక్కు!

అమెరికాలో వ్యాన్స్ ఆర్‌వీ-8 కిట్ కొని గ్యారేజీలో కట్టుకునేవాళ్లు, పల్టీలు కొట్టాలనుకుంటే ట్యాంకులో ఫ్లాప్ ట్యూబ్ పెడతారు. వంగే గొట్టం, చివర బరువు. ఇంధనం ఎటు జారితే బరువూ అటే. ఫ్లోట్ కార్బ్యురేటర్ తలకిందులైతే మొరాయిస్తుంది. ఫ్యూయల్ ఇంజెక్షనూ కావాలి.

మన కోడ్‌లో బగ్ ఉంటే రాత్రికి రాత్రి ప్యాచ్ వేసేస్తాం. ఇక్కడ సీలెంట్‌తో ట్యాంకు మూసేశాక గొట్టం ఇరుక్కుంటోందని తెలిస్తే మళ్లీ తెరవాల్సిందే. తెలియకపోతే ఆకాశంలో ఇంజినే చెబుతుంది. అందుకే మూసేముందే ట్యాంకును చేత్తో తిప్పి చూడాలి. బరువు 'టక్'మని పడిందా? అదీ అసలు టెస్టింగ్. ఏళ్లు గడిస్తే గొట్టం బిగుసుకుపోవచ్చు, అప్పుడూ చూసుకోవాలి మరి!