మీట వెనుక చేతికి భద్రత ఏది?

రేడియోలో వార్తలు చదివినవారి పేరు శ్రోతలకు తెలియును. ఆ కంఠమును తగిన స్థాయిలో, తగిన క్షణమున ఇంటింటికి చేర్చినవారి పేరు ఎవరికిని తెలియదు. ఒకప్పుడు ఢిల్లీ ఆకాశవాణి నుండి తెలుగు వార్తలు వెలువడెడివి. తరువాత సినీ నటుడుగా ప్రసిద్ధి చెంది, 1967లో ఒంగోలు నుండి లోక్‌సభకు ఎన్నికైన కొంగర జగ్గయ్యగారు అచట వార్తలు చదివినవారే. ఆయన గంభీర కంఠమును తెలుగువారు మరువలేదు. అద్దపు గోడకు ఆవల మీటలపై చేయి ఉంచి కూర్చున్న ఉద్యోగిని మాత్రము తలచినవారు లేరు.

రైల్వే, తపాలా సోదరులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. బండి సకాలమున చేరినచో క్యాబిన్‌లోని లీవర్‌మన్‌ను ఎవరు తలతురు? రాత్రి బండిలో ఉత్తరములను వేరుచేసిన రోజులలో, ఉత్తరము అందినప్పుడు ఆ ఆర్.ఎమ్.ఎస్. సార్టరును ఎవరు స్మరించిరి? పైగా రేడియోతో తపాలావారికి పాత బంధుత్వము కలదు. 1980వ దశకములో రద్దగువరకు శ్రోతల నుండి రేడియో లైసెన్సు రుసుమును వసూలు చేసినవి తపాలా కార్యాలయములే.

మిక్సింగ్ బోర్డు పని చూచుటకు తేలిక. ప్రతి మైకుకు ఒక గెయిన్ మరయు, ఒక ఫేడర్ మీటయు ఉండును. గెయిన్ తగ్గినచో మాటతోపాటు సొద వినబడును. హెచ్చినచో కంఠము చీలిపోవును. నలుగురు కూర్చున్న చర్చలో మాటలాడని వారి మైకులను దించియుంచవలెను. లేనిచో కాగితముల రెపరెపలు, గది ప్రతిధ్వని మాటను మింగివేయును. అయినను తదుపరి వక్త పెదవి కదపకముందే అతని మీట పైకి లేవవలెను. ఒక క్షణము ఆలస్యమైనచో మొదటి మాట పోయినట్లే. పాత బోర్డులలో ముల్లు సున్నాను కొంచెము దాటినను ధ్వని ఓర్చుకొనెడిది. నేటి డిజిటల్ బోర్డులో గరిష్ఠపు హద్దు దాటిన భాగము తెగిపోవును. తెగినదానిని ఉన్నదున్నట్లు తిరిగి తెచ్చుట సాధ్యము కాదు. ఇంతటి పనికి చెవియే పనిముట్టు. 85 డెసిబెళ్ల ధ్వనిని దినమునకు 8 గంటలకు మించి వినరాదనియు, ఆపై ప్రతి 3 డెసిబెళ్లకు ఆ వ్యవధి సగమగుననియు వృత్తి ఆరోగ్య నిపుణులు లెక్క కట్టియున్నారు. హెడ్‌ఫోన్ తగిలించుకొని కూర్చున్నవానికి ఈ లెక్క చెప్పు బాధ్యత ఎవరిది?

ఈ పని నేడు ప్రభుత్వ స్టూడియోలకే పరిమితమై లేదు. యమున తూర్పు గట్టున, వికాస్ మార్గ్ వెంబడి నున్న లక్ష్మీనగర్‌ను చూడుడు. సి.ఎ. మొదలగు పరీక్షల శిక్షణాలయములకు పేరుగన్న పేట అది. నేడు పాఠములు రికార్డు చేయబడి ఇంటర్నెట్ ద్వారా దూర ప్రాంతములకు పోవుచున్నవి. పాఠము చెప్పువారి పేరు గోడలపై పెద్ద అక్షరములలో ఉండును. గది మూలన మీటలు సర్దువారికి నియామక పత్రమైనను ఉన్నదా అని అడుగువారు లేరు. ప్రభుత్వ రంగమైనను ఆదర్శముగా నిలచినదా? ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సర్లకు నెలకు 6 డ్యూటీలు మించరాదను పద్ధతి ఏండ్ల తరబడి నడచినది. ప్రసార సమయమున బోర్డు ముందు కూర్చుండి మీటలు కదుపువారిలో వారును కలరు. పని నిత్యము, పనివాడు తాత్కాలికము!

ఈ అన్యాయమును ఎదుర్కొన్న చరిత్ర మనకు కలదు. ఇందర్‌పాల్ యాదవ్ కేసులో 1985లో సుప్రీంకోర్టు రైల్వే ప్రాజెక్టుల క్యాజువల్ కార్మికులకు దశలవారీగా హోదా కల్పించు పథకమును సవరించి ఆమోదించినది. 1987లో తంతి తపాలా శాఖ దినకూలీల కేసులో సాటి ఉద్యోగుల కనీస వేతనముతో సమానమైన వేతనము నిచ్చి, క్రమబద్ధీకరణ పథకము రచింపుమని ఆదేశించినది. 2006లో ఉమాదేవి తీర్పు ఆ ద్వారమును చాలవరకు మూసినది. కావున ఇక కోర్టులపైననే భారము వేసి కూర్చుండుట తగదు. సంఘటిత బలమే దారి.

యంత్రమే స్థాయిని సర్దుకొనుచుండగా మనిషి ఎందుకని కొందరు అడుగుచున్నారు. యంత్రము ధ్వని హెచ్చుతగ్గులను కొలవగలదు. వక్త గొంతు దుఃఖముతో తగ్గినదా, మైకు నుండి తల త్రిప్పినందున తగ్గినదా అనునది ఎదుట కూర్చున్న మనిషికే తెలియును. ఇంటర్‌లాకింగ్ వచ్చినంత మాత్రమున స్టేషన్ మాస్టరు బాధ్యత తీరలేదు కదా!

నిత్యమైన పనికి నిత్యమైన పోస్టు, వ్రాతపూర్వక నియామకము, పనివేళలకు హద్దు, ఏటేట వినికిడి పరీక్ష: ఈ నాలుగును మా దృష్టిలో కనీస కోరికలు. తమ క్యాజువల్ సోదరుల కొరకు పోరాడిన రైల్వే, తపాలా సంఘములు తమ శాఖా సమావేశములలో వీటిని బలపరచవలెనని కోరుచున్నాము.