పాత ట్యాబ్‌కి కొత్త ర్యామ్ వేస్తారా?

"అన్నయ్యా, నందిగామ షాపులో ట్యాబ్‌కి ర్యామ్ పెంచుతారట. నాలుగు వేలు. నాన్న ఇస్తానన్నాడు" అని జగ్గయ్యపేట నుంచి తమ్ముడి ఫోన్. 2022 డిసెంబరులో 8వ తరగతి పిల్లలకు ప్రభుత్వం ఇచ్చిన ట్యాబ్ అది. ఇప్పుడు వాడు ఇంటర్. పాఠం వీడియో నొక్కితే గుండ్రంగా తిరుగుతూనే ఉంటుందట. బాబాయి ఇస్తానన్నది మిర్చి కోత కూలీలకని దాచిన డబ్బు.

"ఆగరా, శనివారం వస్తున్నా" అన్నా.

డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో ర్యామ్ స్లాట్‌లో ఉంటుంది. తీసి పెద్దది పెట్టొచ్చు. ట్యాబ్‌లో అలా కాదు. ప్రాసెసర్, ర్యామ్, స్టోరేజీ అన్నీ బోర్డుకే టంకం వేసి ఉంటాయి. సెట్టింగ్స్‌లో కనిపించే వర్చువల్ ర్యామ్ కూడా స్టోరేజీ నుంచి తెచ్చుకున్న అప్పే! మార్చగలిగేవి బ్యాటరీ, స్క్రీన్, ఛార్జింగ్ పోర్టు లాంటివే. మెమరీ కార్డు వేస్తే జాగా పెరుగుతుంది, ప్రాసెసర్ వేగం కాదు.

వెళ్లి చూస్తే స్టోరేజీ పూర్తిగా నిండిపోయి ఉంది. ఫొటోలు, వీడియోలు కార్డులోకి మార్చాం. వాడని యాప్‌లు తీసేశాం. వీడియో క్వాలిటీ 480కి తగ్గిస్తే పాఠం ఆగకుండా నడిచింది. కొత్త ట్యాబ్ అయిపోలేదు గానీ, ఈ ఏడాదికి గట్టెక్కుతుంది. కూలీల డబ్బు కూలీలకే వెళ్లింది.

మీకూ ఎవరైనా ర్యామ్ పెంచుతామంటే ఒక్కటే అడగండి: "పాత ర్యామ్ తీసి నా చేతిలో పెడతారా?"